ఎనర్జీ చాప్టర్ బుర్రకెక్కట్లేదా? ఒక టీఎంసీని ఒక మీటరు కిందికి దింపి చూడండి

తొమ్మిదో క్లాసులో మొదలై ఇంటర్ అయ్యేదాకా వదలని చాప్టర్ ఇది. "పని చేసే సామర్థ్యాన్ని శక్తి అంటారు" అని పిల్లలు బట్టీ పట్టేస్తారు, పేపర్లో రాసేస్తారు, రెండు మార్కులు పడిపోతాయి, ఆ తర్వాత లెక్క ఇస్తే మాత్రం పెన్ను కదలదు. ఆ వాక్యంలో తప్పేం లేదండి, కానీ దాన్ని పట్టుకుని ఏ లెక్కా మొదలెట్టలేం. అందుకే మా కోనసీమ పిల్లలకి ట్యూషన్లో నేను డెఫినిషన్ ఆఖర్న చెప్తాను, ముందు లెక్కలు కట్టిస్తాను. ఎనర్జీ అనేది చేత్తో పట్టుకునే సరుకు కాదు కదా, అదొక అంకె. ఏదైనా జరగక ముందు ఆ అంకె ఎంతో జరిగాక కూడా మొత్తం కలిపితే అంతే. రూపం మారుద్ది, చోటు మారుద్ది, మొత్తం మారదు. ఈ ఒక్కటి నమ్మేసి మన చుట్టూ ఉన్నవాటికి వరసపెట్టి లెక్క కట్టుకుంటూ పోతే చాప్టర్ దానంతటదే వచ్చేస్తుంది. ఎలా కట్టాలో రాస్తున్నాను, అన్నీ మనూళ్ళో కనపడేవే, ఫోన్లో క్యాలిక్యులేటర్ ఉంటే చాలు.

ముందు కొబ్బరిచెట్టు

ఎత్తు మీదున్న ప్రతిదానికీ ఎనర్జీ ఉంటుంది, కట్టడం చాలా ఈజీ. బరువు కేజీల్లో తీసుకోండి, పదితో గుణించండి, ఎత్తు మీటర్లలో వేసి ఇంకోసారి గుణించండి, జౌల్స్ వచ్చేస్తాయి, ఎనర్జీకి కొలత అదే. ఆ పది గ్రావిటీది, నిజానికి 9.8, పరీక్షలో 9.8 వెయ్యండి గానీ నోటిలెక్కకి పది చాలు. వంద గ్రాముల జామకాయని మీటరు ఎత్తు లేపితే ఒక జౌల్, అంత చిన్నది అది.

మరి నలభై అడుగుల చెట్టు మీద, అంటే 12 మీటర్ల ఎత్తులో, కేజిన్నర కాయ ఉందనుకోండి. ఒకటిన్నర ఇంటూ పది ఇంటూ పన్నెండు, 180 జౌల్స్. ముచ్చిక ఊడి కాయ పడుతున్నప్పుడు ఈ 180 ఎక్కడికీ పోదు, ఎత్తు తగ్గేకొద్దీ స్పీడు కింద మారుతూ ఉంటుంది. నేలకి తగలబోయే క్షణంలో ఎత్తు సున్నా కాబట్టి మొత్తం 180 స్పీడు ఖాతాలోనే ఉండాలి. స్పీడుకి ఫార్ములా సగం ఎం వి స్క్వేర్, అంటే బరువులో సగం తీసుకుని స్పీడుతో రెండుసార్లు గుణించడం. అలా గుణిస్తే 180 రావాలంటే స్పీడు సెకనుకి పదిహేనున్నర మీటర్లు ఉండాలి, అంటే గంటకి 56 కిలోమీటర్లు. గాలి కొంచెం అడ్డుకుంటుంది, ఇప్పటికి వదిలెయ్యండి. చెట్టు కింద మంచం వెయ్యొద్దని పెద్దాళ్ళు ఊరికే అనరు.

ఒకటి గమనించారా, కాయ ఎన్ని సెకన్లు పడింది, దారిలో ఎక్కడ ఎంత స్పీడుంది, ఇవేవీ మనం అడగనేలేదు. ముందు ఎంత, తర్వాత ఎంత, అంతే. న్యూటన్ సూత్రాలతో అడుగడుగూ లెక్క కట్టుకుంటూ వెళ్ళాల్సిన పనిని ఈ పద్ధతి ఒక్క లైన్లో తేల్చేస్తుంది, ఎనర్జీ నేర్చుకోవడం వల్ల మొదటి లాభం ఇదే.

ఇప్పుడు అదే చెట్టు దింపు తీసే మనిషి వైపు నుంచి చూడండి. అరవై కేజీల మనిషి కాళ్ళకి బంధం వేసుకుని పైదాకా ఎక్కితే అరవై ఇంటూ పది ఇంటూ పన్నెండు, 7,200 జౌల్స్. ఇది తిండి నుంచే రావాలి, ఇంకెక్కడినుంచి వస్తుంది. తిండి ప్యాకెట్ల మీద రాసే ఒక కిలోక్యాలరీ అంటే 4,186 జౌల్స్, అంటే ఈ ఎక్కుడుకి రెండు కిలోక్యాలరీలు కూడా పట్టలేదన్నమాట. కాకపోతే మన కండరాలు తిన్నదాన్ని మొత్తం పనిగా మార్చలేవు, నాలుగో వంతు మారితే గొప్ప, మిగతాది ఒంట్లో వేడి కింద పోతుంది, చెమట పట్టేది అందుకే. ఆ లెక్కన ఏడెనిమిది కిలోక్యాలరీలు. పంచదార గ్రాముకి 4 కిలోక్యాలరీలు, చిన్న చెంచాకి నాలుగైదు గ్రాములు పడుద్ది కదా, అంటే టీలో వేసుకునే ఒక్క చెంచా పంచదారతో మనిషి రెండు చెట్లు ఎక్కెయ్యొచ్చు. మొదటిసారి ఈ లెక్క చూపిస్తే పిల్లలు ఎవరూ నమ్మరు, మళ్ళీ కట్టమంటారు, మళ్ళీ కట్టినా అంతే వస్తుంది.

దిగేటప్పుడు ఆ 7,200 తిరిగి పంచదార అయిపోదు కదా, మరి ఏమైంది? అరచేతుల్లో, అరికాళ్ళలో, చెట్టు బెరడులో, పట్టి పట్టి దిగడానికి బిగించిన కండరాల్లో వేడి కింద అయిపోయింది. దిగిన వెంటనే ఆ మనిషి అరచెయ్యి పట్టుకుంటే తెలుస్తుంది.

స్పీడు దగ్గర ఎందుకు జాగ్రత్తగా ఉండాలి

సగం ఎం వి స్క్వేర్‌లో ఆ స్క్వేరే మొత్తం కథంతా. బండీ మనిషీ కలిపి 200 కేజీలు అనుకుని ఏటిగట్టు మీద ముప్పై స్పీడులో వెళ్తుంటే దాదాపు 7,000 జౌల్స్, అదే అరవైలో 28,000. స్పీడు రెండింతలు, ఎనర్జీ నాలుగింతలు. బ్రేకు వేస్తే ఈ జౌల్స్ అన్నీ బ్రేకు షూల్లోనూ టైర్లలోనూ వేడి కింద దిగాలి, బ్రేకు పట్టు అదే కాబట్టి బండి ఆగడానికి నాలుగు రెట్ల దూరం కావాలి. ఇంకో రకంగా చెప్తాను, అరవై స్పీడులో ఉన్న బండికి ఎంత ఎనర్జీ ఉందో, అదే బండిని దాదాపు 14 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే కింద పడేసరికి అంతే ఉంటుంది. అంటే మనం పైన చెప్పుకున్న చెట్టు కంటే ఒక ఆరేడు అడుగులు ఎక్కువే. గట్టు మీద హెల్మెట్ ఎందుకు అనేవాళ్ళకి నేను ఈ ఒక్క లెక్కే చెప్తాను.

ఈ స్క్వేర్ గురించి యూరప్‌లో పెద్ద గొడవే జరిగింది. కదిలే వస్తువుకి ఉన్న "సత్తువ" బరువు ఇంటూ స్పీడా, బరువు ఇంటూ స్పీడు స్క్వేరా అని 1700ల్లో పెద్ద పెద్దవాళ్ళే వాదించుకున్నారు. హాలండ్‌లో గ్రావెసాండే అనే ఆయన ఇత్తడి గుండ్లని మెత్తటి బంకమట్టిలోకి రకరకాల ఎత్తుల నుంచి వదిలి గుంటలు కొలిచాడు, ఫ్రాన్స్‌లో ఎమిలీ దు షాట్లే అనే ఆవిడ ఆ కొలతల్ని పట్టుకుని స్క్వేరే కరెక్ట్ అని గట్టిగా నిలబడింది. ఆడవాళ్ళని కాలేజీ గుమ్మం కూడా ఎక్కనివ్వని రోజుల్లో అండి ఇది, న్యూటన్ ప్రిన్సిపియాని ఫ్రెంచిలోకి తెచ్చింది కూడా ఆవిడే.

దీన్ని ఇంట్లో చేసి చూడొచ్చు. కాలవ పూడిక తీసినప్పుడు గట్టున పోసే ఒండ్రు మట్టి ఉంటుంది కదా, రాళ్ళూ వేళ్ళూ ఏరేసి చపాతీపిండిలా పిసికి పాత బేసిన్‌లో నాలుగైదు అంగుళాల మందం పరవండి, పైన చేత్తో నున్నగా అలకండి. మెకానిక్ షాపులో పాత బేరింగ్ గుండు ఒకటి అడిగితే ఇస్తారు. ఒక అడుగు ఎత్తు నుంచి ఒకసారి, నాలుగు అడుగుల నుంచి ఇంకోసారి, పక్కపక్కన వదలండి. నాలుగింతల ఎత్తు నుంచి పడితే స్పీడు రెండింతలే అవుతుంది, కానీ గుంట చూడండి, గుండు తీసేసి అందులో ఎన్ని చుక్కల నీళ్ళు పడతాయో లెక్కపెట్టండి, రెండింతల దగ్గర ఆగదు. అచ్చంగా నాలుగింతలు రాకపోవచ్చు, మట్టి తడి ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు, అయినా వాదన ఎవరు గెలిచారో కళ్ళకి కనపడిపోద్ది.

లెక్క మొదలెట్టే ముందు రెండు పనులు

ఒకటి, గీత గియ్యాలి. ఏది మన లెక్కలో ఉంది, ఏది బయట ఉందో ముందే అనుకోవాలి. ఉత్త కాయ చుట్టూ గీస్తే తిండి గొడవ రాదు, దింపు తీసే మనిషి చుట్టూ గీస్తే పొద్దున తాగిన టీ కూడా రాయాలి. లెక్క తేలక తల పట్టుకునే పిల్లల్లో సగం మంది గీత గియ్యకుండానే మొదలెట్టినవాళ్ళే, మధ్యలో ఏదో ఒకటి బయట నుంచి వచ్చి కూర్చుంటుంది.

రెండు, సున్నా ఎక్కడో పెట్టుకోవాలి. ఎత్తు అంటే ఎక్కడి నుంచి? చెట్టు మొదలు సున్నా అనుకుంటే కాయ 12 మీటర్ల మీద ఉంది, పక్కనున్న కాలవలో నీళ్ళు ఇంకో రెండు మీటర్లు కిందున్నాయి అనుకుని అక్కడ సున్నా పెడితే 14. ఏది కరెక్ట్ అంటే రెండూ కరెక్టే, ఎందుకంటే లెక్కలోకి వచ్చేది తేడా ఒక్కటే. మధ్యలో సున్నా మార్చకూడదు, అంతే రూలు.

ఇక టీఎంసీ

డెల్టాలో పుట్టినవాళ్ళకి ఒక సుఖం ఉందండి, టీఎంసీలూ క్యూసెక్కులూ పుట్టినప్పటి నుంచి పేపర్లో చదువుతూనే ఉంటాం. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, కేజీల్లో చెప్తే 2,830 కోట్ల కేజీల నీళ్ళు. దాన్ని ఒక్క మీటరు కిందికి దింపితే ఎంత? ఇందాకటి ఫార్ములానే, ఈసారి 9.8 వేద్దాం, దాదాపు 27,700 కోట్ల జౌల్స్. అంకె చూసి కంగారు పడొద్దు, కరెంటు యూనిట్లలోకి మారుద్దాం. ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌల్స్, దాంతో భాగిస్తే సుమారు 77 వేల యూనిట్లు. నెలకి 150 యూనిట్లు కాల్చే ఇళ్ళు ఓ ఐదొందలు వేసుకోండి, వాటికి నెలకి సరిపడా. టీఎంసీకి మీటరుకి 77 వేలు, ఈ అంకె ఒక్కటి గుర్తుంటే పేపర్లో ప్రాజెక్టు వార్త వచ్చినప్పుడల్లా మీరే లెక్క కట్టుకోవచ్చు.

ధవళేశ్వరం బ్యారేజీ వెనక నీటిమట్టం సముద్రం కంటే సుమారు 14 మీటర్ల ఎత్తు. అంటే అక్కడున్న టీఎంసీ అంతర్వేది దగ్గర సముద్రంలో కలిసేలోపు దాదాపు పదకొండు లక్షల యూనిట్ల ఎనర్జీ పోగొట్టుకుంటుంది. ఎక్కడ పోగొట్టుకుంటుంది? కాలవ అడుగుని రాసుకుంటూ, గట్లని రాసుకుంటూ, లాకుల దగ్గర సుళ్ళు తిరుగుతూ, అంతా వేడే. వేడంటే నీళ్ళు కాగిపోవు లెండి, కట్టి చూస్తే డిగ్రీలో వందోవంతులు మూడు, ఏ థర్మామీటరూ మామూలుగా పట్టుకోలేదు.

కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేసినప్పుడు ఆయన దగ్గర ఉన్న పెట్టుబడి ఈ పద్నాలుగు మీటర్ల లోపు ఎత్తే. దాన్ని కాలవల పొడవునా సన్నగా పంచుకుంటూ పోయాడు, ఎక్కడా మోటారు లేకుండా నీళ్ళు వాటంతటవే శివారు దాకా నడిచేలాగ. ఇప్పుడు శివారు రైతు నీళ్ళు రావట్లేదని మొత్తుకుంటుంటే దాని వెనక కూడా ఎనర్జీ లెక్క ఉంది. కాలవలో గుర్రపు డెక్క పెరిగినా, పూడిక తీయకపోయినా రాపిడి పెరుగుతుంది, రాపిడి పెరిగితే అదే దూరానికి ఎక్కువ ఎత్తు ఖర్చవుద్ది, మొదట్లోనే ఎత్తు తినేస్తే చివర్లో మిగిలేది ఏముంటుంది. నీళ్ళు ఎక్కువ వదిలితే సరిపోద్ది అనుకుంటారు గానీ, ఎత్తు సరిపోకపోతే అవి పైన గట్లు పొర్లుతాయి తప్ప కిందికి రావు.

శివారులో అప్పుడు ఆయిల్ ఇంజన్ పెట్టి డ్రెయిన్లోంచి తోడతారు. ఎకరానికి రెండంగుళాల నీళ్ళు, రెండు మీటర్లు పైకి లాగాలంటే ఒట్టి ఎత్తు లెక్క 40 లక్షల జౌల్స్, అంటే యూనిట్ కంటే కొంచెం ఎక్కువ. లీటరు డీజిల్లో సుమారు 3 కోట్ల 60 లక్షల జౌల్స్ ఉంటాయి, అంటే అరగ్లాసు డీజిల్ చాలాలి, కానీ ఇంజనూ పంపూ కలిపి వందలో పదిహేను పాళ్ళు నీళ్ళకి అందిస్తే ఎక్కువ, మిగతాది పొగ గొట్టంలోనూ రేడియేటర్లోనూ పోతుంది. అందుకే ముప్పావు లీటరు దాకా తాగుద్ది. కాటన్ ఇచ్చిన ఎత్తు ఉచితంగా చేసే పనికి ఇది ధర.

దాళ్వా, అంటే రబీ వరి, సీజన్లో ఇంకో ముచ్చట. గోదావరిలో ఇన్‌ఫ్లో తగ్గిపోతే సీలేరు నుంచి నీళ్ళు వదలమని అడుగుతారు, అక్కడ కరెంటు తీసిన నీళ్ళే శబరిలో పడి, కూనవరం దగ్గర గోదావరిలో కలిసి, ధవళేశ్వరం వచ్చి మన చేలకి చేరతాయి. దిగువ సీలేరులో 115 మెగావాట్ల యూనిట్లు నాలుగు, 460 మెగావాట్లు. ఒక కుర్రాడు అడిగాడు, "మాస్టారూ, కరెంటు లాగేశాక ఆ నీళ్ళలో సారం పోదా, చేనుకి బలం ఉంటుందా?" అని. చాలామంది పెద్దాళ్ళు కూడా ఇలాగే అనుకుంటారు, అడగరంతే. టర్బైన్ దాటాక నీళ్ళు పోగొట్టుకున్నది ఎత్తు ఒక్కటే, ఒక్క బొట్టూ తగ్గలేదు, అందులో ఉన్న ఒండ్రూ ఉప్పూ ఏదీ తగ్గలేదు. వరికి కావాల్సింది నీళ్ళు, కొండ మీది ఎత్తు వరికెందుకు. ఒకే నీళ్ళని పైన ఎత్తు కోసం ఒకసారి, కింద తడి కోసం ఒకసారి వాడుకుంటున్నాం, నాకైతే మన దగ్గరున్న ఎనర్జీ పాఠాల్లో ఇదే బెస్ట్ అనిపిస్తుంది. అదే డెల్టాలో ఇన్ని నీళ్ళుండీ పెద్ద హైడల్ ప్లాంటు ఎందుకు లేదంటే ఎత్తు లేదు, పోలవరంలో 960 మెగావాట్లు ప్లాన్ చేశారంటే డ్యామ్ కట్టి ఎత్తు తయారుచేసుకుంటున్నారు కాబట్టి.

కిలోవాట్ ఏంటి, యూనిట్ ఏంటి

ఇక్కడ డిగ్రీ చదివినవాళ్ళు కూడా తడబడతారు, మనకి మాత్రం తడబడాల్సిన పని లేదు. క్యూసెక్కుకీ టీఎంసీకీ తేడా తెలుసు కదా, క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, ఎంత జోరుగా వస్తుందో, టీఎంసీ అంటే మొత్తం ఎంత వచ్చిందో. కిలోవాట్ క్యూసెక్కు లాంటిది, యూనిట్ టీఎంసీ లాంటిది. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా వస్తే ఒక టీఎంసీ, ఒక కిలోవాట్ ఒక గంటంతా వాడితే ఒక యూనిట్. "మా మోటారు ఐదు యూనిట్ల మోటారు" అని ఎవరన్నా అంటే, గోదావరిలో ఇప్పుడు మూడు టీఎంసీల స్పీడు ఉందన్నట్టే, అర్థం లేదు. సెకనుకి ఒక జౌల్ అయితే ఒక వాట్, 746 వాట్లయితే ఒక హెచ్‌పీ, అంతే ఇందులో నేర్చుకోవాల్సింది. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకి ఇస్తారు కదా, ఆ జోరున వచ్చే నీళ్ళు ఒక మీటరు కిందికి దిగితే సుమారు 277 మెగావాట్లు, ఏటిగట్టు ఎందుకు కోసుకుపోతుందో వేరే చెప్పక్కర్లేదు.

చెరువులో తిరిగే ఏరియేటరూ, జౌల్ దొరా

లెక్క ఎక్కడ తేలకపోయినా వేడి వైపు చూడండి, ఇది ఈ చాప్టర్లో బంగారం లాంటి చిట్కా. కాకపోతే వేడి కూడా ఎనర్జీయేనని మనుషులకి తెలిసింది చాలా ఆలస్యంగా. 1840ల దాకా వేడి అంటే బరువు లేని ఒక ద్రవం, వేడి వస్తువులోంచి చల్లటి వస్తువులోకి కారుతుంది అనుకునేవారు. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ దగ్గర బీరు కాచే వ్యాపారం ఉన్న కుటుంబంలో పుట్టిన జేమ్స్ జౌల్ ఒక చిన్న గిన్నెలో నీళ్ళు పోసి, లోపల తెడ్లున్న చక్రం పెట్టి, దాన్ని తాడుకి కట్టిన బరువులు కిందికి దిగుతూ తిప్పేలా చేశాడు. బరువు పోగొట్టుకున్న ఎత్తు ఎంత, నీళ్ళకి ఎక్కిన వేడి ఎంత అని మళ్ళీ మళ్ళీ కొలిచాడు, ఎప్పుడు కొలిచినా ఒకే రేటు వచ్చింది. ఇప్పుడు మనం చెప్పుకునేది కేజీ నీళ్ళకి డిగ్రీకి 4,186 జౌల్స్. అంతకుముందే జర్మనీలో మేయర్ అనే డాక్టర్ ఇదే దారిలో ఆలోచించాడు, 1847లో హెల్మ్‌హోల్ట్జ్ మొత్తాన్ని ఒక సూత్రం కింద రాశాడు.

భీమవరం వైపు రొయ్యల చెరువులు చూసినవాళ్ళకి జౌల్ మెషీన్ కొత్తగా అనిపించదు, తెడ్లున్న చక్రాలు, అంటే ఏరియేటర్లు, రాత్రంతా నీళ్ళు కొడుతూనే ఉంటాయి. వాటిని పెట్టింది ఆక్సిజన్ కోసమే, అయినా ఎనర్జీ లెక్క అదే. ఎకరం చెరువులో ఒక హెచ్‌పీవి నాలుగు పది గంటలు తిరిగితే 30 యూనిట్లు. కొట్టిన నీళ్ళు ఎగిరి పడి, అలలై, అలలు ఆరిపోయాక అంతా వేడే. ఐదడుగుల లోతున్న ఎకరం చెరువులో 60 లక్షల లీటర్లు ఉంటాయి, దానికి ఈ 30 యూనిట్లు పంచితే ఎక్కేది డిగ్రీలో వెయ్యోవంతులు నాలుగు. రైతుకి బిల్లు కనపడుద్ది, వేడి కనపడదు. అదే ఎకరం మీద పడే ఎండ చూడండి, చదరపు మీటరుకి రోజుకి సుమారు ఐదు యూనిట్ల లెక్కన రోజుకి 20 వేల యూనిట్లు! అదంతా నీళ్ళలోనే ఉండిపోతే మూడు డిగ్రీల దాకా ఎక్కాలి, కొంత వెనక్కి తిరిగిపోతుంది, కొంత ఆవిరి పట్టుకుపోతుంది, రాత్రికి ఇంకొంత పోతుంది.

వేడి ఎంత తిండిపోతో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. మేడ మీద వెయ్యి లీటర్ల ట్యాంకుకి పది మీటర్ల ఎత్తు నీళ్ళెక్కించడం అంటే లక్ష జౌల్స్. ఒక్క లీటరు నీళ్ళు 30 డిగ్రీల నుంచి మరిగేదాకా కాచడం అంటే 2 లక్షల 93 వేలు. లీటరు నీళ్ళు కాచే ఎనర్జీతో దాదాపు మూడు ట్యాంకుల నీళ్ళు పైకి పంపెయ్యొచ్చు. మోటారు వేసి మర్చిపోయారని పిల్లల్ని తిట్టేవాళ్ళు ఉంటారు, నీళ్ళు వృథా అయితే తిట్టండి గానీ బిల్లు ఎక్కువొస్తే ముందు గీజర్ వైపు చూడండి.

మరి ఎనర్జీ ఎప్పుడూ పోదంటున్నాం కదా, పొదుపు చెయ్యమని ఎందుకు చెప్తారు? తెలివైన ప్రశ్న ఇది, క్లాసులో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఏరియేటర్లో దూరిన 30 యూనిట్లు చెరువులోనే ఉన్నాయి, కానీ 60 లక్షల లీటర్లలో చెదిరిపోయాయి, వాటిని ఏరి మళ్ళీ మోటారు తిప్పలేం. అంకె ఉంది, పనికిరాదు. పొదుపు అంటే అంకెని కాపాడటం కాదు, పనికొచ్చే రూపాన్ని కాపాడటం, ఈ రెండో సంగతి థర్మోడైనమిక్స్ చాప్టర్లో వస్తుంది, అక్కడికి వెళ్ళాక చూసుకోండి.

బస్తా మోస్తే పని చేసినట్టా కాదా

పుస్తకంలో ఒక చోట "తల మీద బరువుతో సమతలంగా నడిస్తే పని సున్నా" అని ఉంటుంది, అది చదివి మా ఊళ్ళో జట్టు కూలీ కొడుకు ఒకడు కోపం తెచ్చుకున్నాడు, న్యాయమే. ఆ సున్నా బస్తా లెక్కలోది, బస్తా ఎత్తు మారలేదు కాబట్టి. గీత మనిషి చుట్టూ గీస్తే సున్నా ఎక్కడిది, కండరం ఊరికే బిగబట్టి ఉన్నా తిండి కరిగిస్తూనే ఉంటుంది, ఆ ఎనర్జీ అంతా వేడి కింద పోతుంది.

లారీలోకి ఎత్తేటప్పుడు మాత్రం బస్తా లెక్కలో కూడా పని ఉంది. 75 కేజీల బస్తా మీటరున్నర ఎత్తుకి 1,125 జౌల్స్, రోజుకి రెండొందల బస్తాలు ఎత్తితే రెండు లక్షల పాతికవేలు. యూనిట్లలోకి మార్చి చూడండి, యూనిట్లో పదహారో వంతు! నడుము విరిగే చాకిరీకి కరెంటు లెక్కలో విలువ అంత. ఆరోగ్యంగా ఉన్న మనిషి రోజంతా ఆగకుండా చెయ్యగలిగే పని సుమారు 75 వాట్లు, ఎనిమిది గంటలకి యూనిట్‌లో సగం పైన కొంచెం. మనం రెండు గంటలు ఏసీ వేసుకుంటే అంతకంటే ఎక్కువ అయిపోతుంది.

చివర్లో దాళ్వా చేను

ఇప్పుడు మొత్తం పద్ధతి ఒక్క లెక్కలో వాడదాం. గీత ఎకరం చేను చుట్టూ. లోపలికి వచ్చేది ఎండ, రోజుకి 20 వేల యూనిట్లు, పంట 120 రోజులు అనుకుంటే 24 లక్షల యూనిట్లు. బయటికి వచ్చింది నలభై బస్తాల ధాన్యం, 3,000 కేజీలు, ఆడిస్తే మూడింట రెండు వంతులు బియ్యం అనుకుంటే 2,000 కేజీలు. కేజీ బియ్యంలో సుమారు 3,500 కిలోక్యాలరీలు, అంటే నాలుగు యూనిట్లు. మొత్తం ఎనిమిది వేల యూనిట్లు. ఇరవై నాలుగు లక్షల్లో ఎనిమిది వేలు, వెయ్యికి మూడు.

మిగతా తొమ్మిదొందల తొంభై ఏడూ ఎక్కడ అనేది మీ పని. పెద్ద వాటా నీళ్ళని ఆవిరి చెయ్యడానికీ నేలనీ గాలినీ వేడెక్కించడానికీ పోయింది, ఆకు వెనక్కి కొట్టేసిన వెలుగు కొంత, ఊకా తవుడూ వేళ్ళూ కొంత. గడ్డి మాత్రం కొలవగలిగిందే, ఎండుగడ్డి కేజీకి సుమారు కోటీ నలభై లక్షల జౌల్స్ వేసుకోండి, 36 లక్షలతో భాగించండి, ఎకరానికి ఎన్ని కట్టలొచ్చాయి, కట్ట ఎంత బరువు తూగుద్ది అనేది ఇంట్లో నాన్నగారినో తాతయ్యనో అడిగితే చెప్తారు. గడ్డి లెక్క బియ్యం లెక్కకి దగ్గర్లో వస్తే మీరు కరెక్ట్‌గానే కట్టినట్టు.